ముందు జల్లెడ సంగతి చూసుకో

చి. శైలజకు పెదనాన్న ఆశీస్సులు.

కాలుష్యం కొలిచే ప్రాజెక్టుకి విశాఖ హార్బరు తీసుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషం. కానీ నీళ్ల బాటిళ్లు ఎన్ని కొనాలా అని అడిగావట, బురద ఊసే ఎత్తలేదట. అందుకే ఈ ఉత్తరం.

సీసాలో పట్టిన నీళ్లు ఆ పూట సంగతే చెప్తాయమ్మా. పోటు మీద పడితే ఒక లెక్క, పాటు మీద పడితే ఇంకో లెక్క. రాత్రి వదిలిన మురుగు తెల్లారేసరికి కొట్టుకుపోతే నీ సీసాకి ఏం తెలుస్తుంది? అడుగున బురదలో కాపురం ఉండే పురుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. నెలల తరబడి వచ్చిందంతా అది భరించాల్సిందే, లేదా చావాల్సిందే.

1933లో తెరిచిన మన లోపలి హార్బరుకి డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న సన్నటి కాలవ తప్ప సముద్రంలోకి దారి లేదు. నీళ్లు తొందరగా మారవు. వచ్చిన మురుగు అడుగుకి దిగి కుళ్లి, ఉన్న ఆక్సిజన్ కాస్తా తినేస్తుంది. అక్కడ గ్రాబ్, అంటే అడుగు బురదని పట్టి తెచ్చే సాధనం, వేసి పైకి లాగి చూడు. తారులా నల్లటి బురద, మురిగిపోయిన కోడిగుడ్డు కంపు. దాన్ని జల్లెడలో వేసి కడిగితే ఎర్రదారం ముక్కల్లాంటివి మిగులుతాయి. అదే కాపిటెల్లా అనే పురుగు. మిగతావాళ్లంతా ఖాళీ చేసి వెళ్లిన ఇంట్లో ఇదొక్కటే గుంపులుగా పెరుగుతుంది.

నేను కుర్రతనంలో చేసిన పని చెప్తాను, నవ్వకు. అర మిల్లీమీటరు జల్లెడ దొరక్క ఒక మిల్లీమీటరు దాంతో కానిచ్చాను. జల్లెడలో నాలుగు గవ్వ పెంకులు తప్ప ఏమీ మిగల్లేదు. 'ఇక్కడ జీవం లేదు' అని రాసేశాను. సన్నటి పురుగులన్నీ కన్నాల్లోంచి జారి నా కాళ్ల దగ్గరే పోయాయి! మా మాస్టారు రిపోర్టు చదివి, జల్లెడ తెమ్మని, దాని కన్నాన్ని స్కేలు పెట్టి కొలిచారు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

కాబట్టి అర మిల్లీమీటరే వాడు. నీళ్లు జోరుగా కొట్టకు, పురుగులు తెగిపోతాయి. తెగినా పర్లేదు, లెక్కలో తలలు మాత్రమే లెక్కపెట్టు, తోకలు కాదు. పురుగుల్ని పాడవకుండా ఉంచే ఫార్మలిన్‌లో రోజ్ బెంగాల్ అనే రంగు కలిపితే పురుగులు గులాబీ రంగెక్కి చెత్తలోంచి తేలిగ్గా కనిపిస్తాయి. గ్లవ్స్ వేసుకో, కిటికీలు తెరిచి పెట్టుకో.

ఇక అసలు చిక్కు. కాపిటెల్లా కనిపించగానే 'కాలుష్యం' అని రాసేయకు. కుళ్లిన పదార్థం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ అన్నంతవరకే దాని సాక్ష్యం. వానలకి మంచినీళ్లు ముంచెత్తినా ఏటి మొగల్లో పురుగుల రకాలు తగ్గిపోతాయి, అది ఎవరి పాపమూ కాదు. అందుకే వానలకి ముందూ తర్వాతా రెండుసార్లు వెళ్లు. పోల్చడానికి హార్బరు బయట ఇంకో చోటు పెట్టుకో, కానీ బురదని బురదతోనే పోల్చు. రుషికొండ ఇసక తెచ్చి పక్కన పెడితే నీ లెక్కకి అర్థం ఉండదు.

ఆంబీ అని ఒక సూచీ ఉంది, 2000లో స్పెయిన్ వాళ్లు రాశారు. కాలుష్యాన్ని తట్టుకునే ఓర్పుని బట్టి అడుగు జీవుల్ని అయిదు గుంపులు చేస్తుంది. కాపిటెల్లా అన్నిటికన్నా ఓర్పున్న అయిదో గుంపు. సాఫ్ట్‌వేర్ ఇట్టే అంకె ఇచ్చేస్తుంది, అదే నాకు భయం. అది యూరప్ తీరాల కోసం పుట్టింది. మన పురుగుల్లో ఎన్ని ఆ జాబితాలో లేవో ముందు చూసుకుని, ఆ సంగతి కూడా రాయి.

లోహాల సంగతి కావాలంటే పురుగులు చాలవు, రాళ్లకి అంటుకునే పచ్చ ఆల్చిప్పలు తీసుకో. నీళ్లు వడగట్టుకుని తింటాయి కదా, సీసం, కాడ్మియం ఒంట్లో పోగేసుకుంటాయి. ఒకే సైజువి ఏరుకో, పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపితే తేడా దేనివల్లో తేలదు. వీలైతే నత్తల్నీ చూడు. ఓడల అడుగున పూసే టీబీటీ (ట్రైబ్యూటైల్ టిన్ అనే విషం) ఉన్న రంగు వల్ల ఆడనత్తలకి మగ అవయవం మొలిచేది. 2008లో ఆ రంగుని ప్రపంచమంతా నిషేధించే ఒప్పందం అమల్లోకొచ్చినా, పాత బురదలో అది మిగిలే ఉండొచ్చు.

పడవకి ముందురోజే సరంగుతో మాట్లాడుకో. గాలి లేవకముందే, పొద్దున్నే వెళ్లు. నా పాత జల్లెడ అటక మీదుంది, సరైనదే, అర మిల్లీమీటరుది. ఆదివారం మీ నాన్నతో పంపిస్తాను. మెష్ ఎక్కడైనా చిరిగిందేమో వెలుతురుకి ఎత్తి చూసుకో.

మీ పెదనాన్న