కర్ర పట్టకుండా క్లాసును అదుపులో పెట్టడం సాధ్యమేనా?

సాధ్యమే. అసలు 2009 విద్యాహక్కు చట్టంలోని సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, అందరి ముందు "నీకు చదువు రాదురా" అనడం కూడా నా దృష్టిలో వేధింపే.

ముందు పేర్లు నేర్చుకోండి, అదీ చివరి బెంచీ వాళ్లవి మొదట. నియమాలు నాలుగైదు చాలు, పిల్లలతోనే మాట్లాడి రాయించండి, ఆ తర్వాత ఫస్ట్ ర్యాంకర్ తప్పినా సర్పంచ్ గారి అబ్బాయి తప్పినా ఒకటే పద్ధతి ఉండాలి, ఎందుకంటే పిల్లలు మందలింపునైనా మర్చిపోతారు గానీ పక్షపాతాన్ని మర్చిపోరు. నోట్సులు సోమవారం దిద్ది ఇస్తానంటే సోమవారమే ఇవ్వండి.

ఒకడు పదే పదే గొడవ చేస్తుంటే క్లాసులో నిలదీయకండి. అందరూ చూస్తుంటే పరువు కోసమైనా ఎదురు తిరుగుతాడు. ఇంటర్వెల్‌లో పక్కకు పిలిచి "ఏమైంది నాన్నా" అని అడిగితే చాలాసార్లు తేలేది ఒకటే, కిందటేడు పాఠమే రాలేదు కాబట్టి ఈ ఏడు పాఠం అర్థం కావట్లేదు, ఆ బోరుకే అల్లరి. అప్పుడు కావలసింది శిక్ష కాదు, రోజూ ఒక పావుగంట వెనకటి పాఠం. వాడు బాగా చేసిన రోజు ఇంటికి ఫోన్ చేసి ఆ మాట కూడా చెప్పండి, బడి నుంచి ఫోనంటే ఫిర్యాదే అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.