కాలనీ రోడ్డుకి సీసీ (సిమెంట్ కాంక్రీట్) మంచిదా, తారు మంచిదా? పర్యావరణానికి ఏది తక్కువ చేటు?

నన్నడిగితే రెండూ కాదు, ఊడదీసి మళ్ళీ పరుచుకోగలిగేదే మంచిది. హైదరాబాద్‌లో ఏ రోడ్డునైనా తవ్వకుండా వదిలేస్తారా చెప్పండి?

మాది సీతాఫల్‌మండి వైపు. పోయిన ఎండాకాలం మా గల్లీకి సీసీ వేశారు. పక్కింటి అంకుల్ అయితే బండ్లు రాకుండా రెండు వైపులా కుర్చీలు అడ్డం పెట్టించి, గోనెపట్టాలు కప్పి, పొద్దున సాయంత్రం తనే పైపు పట్టుకుని తడిపాడు, ట్యాంకు ఖాళీ అవుతోందని ఆంటీ మొత్తుకున్నా వినలేదు. దసరా కూడా రాలేదు, డ్రైనేజీ లైన్ మారుస్తామని బ్రేకర్ మిషన్లతో దిగిపోయారు. అంకుల్ పరుగున పోయి "ఏం తమ్మీ, కొత్త రోడ్డు కనపడ్తలేదా" అంటే మిషన్ పట్టుకున్న పిల్లాడు చెవిలో దూది తీసి "మాకేం తెల్సు అంకుల్, గీత గీసిచ్చిన్రు, పలగ్గొడ్తున్నం" అని మళ్ళీ దూది పెట్టుకున్నాడు.

ఆ పలగ్గొట్టిన ముక్కలు, మట్టి, అదే మలబా అంతా రాత్రిపూట ట్రాక్టర్లో పోయి చెరువు ఒడ్డున పడింది. జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో మలబాని పొడిచేసి ఇసుక, కంకర, పేవర్ బ్లాకులు (నేల మీద పేర్చే సిమెంట్ ఇటుకలు) తీసే ప్లాంట్లున్నాయి, జీడిమెట్లదైతే రోజుకి 500 టన్నుల కెపాసిటీ, కానీ అంత దూరం డీజిల్ ఎవడు పోసుకుంటాడు, చెరువైతే దగ్గర కదా!

సిమెంట్ కోసం సున్నపురాయిని దాదాపు 1,450 డిగ్రీల దాకా కాలుస్తారు. బొగ్గు పొగ ఒకటే కాదు, ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది, మొత్తంలో సగానికి పైగా అదే. అందుకే ఫ్యాక్టరీ మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టి గ్రీన్ సిమెంట్ అంటే నాకు నవ్వొస్తుంది. తారు పెట్రోలియంలోంచి వచ్చేదే అయినా, గీకి వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. మనవాళ్ళు గీకితే కదా, పాతదాని మీదే కొత్త పొర వేసుకుంటూ పోతారు, దాంతో పాత ఇళ్ళ గడపలు రోడ్డు కిందికి పోయి వానొస్తే నీళ్ళన్నీ హాల్లోకే.

మా చిన్నాయన పాత ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చినప్పుడు కింద పరిచిన షాబాద్ బండల్ని గడ్డపార అంచుతో మెల్లగా లేపి మా అక్కవాళ్ళ వాకిట్లో వేశాం. నాయనమ్మ రోలు పెట్టుకునే బండ మీద గుండ్రటి అరుగుదల ఇంకా ఉంది, వాన పడితే పిచ్చుకలు అందులో నీళ్ళు తాగుతాయి. అదీ సున్నపురాయే! తాండూరు దగ్గర బండల క్వారీలూ ఉన్నాయి, సిమెంట్ ఫ్యాక్టరీలూ ఉన్నాయి, ఒకచోట రాయిని కోసి పరుస్తారు, ఇంకోచోట కాల్చి బూడిద చేస్తారు. అలాగని బండలేం పూర్తి పుణ్యం కాదు, క్వారీల పక్కన విరిగిన ముక్కలు గుట్టలు గుట్టలు పడుంటాయి.

కాబట్టి మీది లారీలు తిరగని గల్లీ అయితే ముందు డ్రైనేజీ, మంచినీళ్ళ పైపులు, కేబుళ్ళు అన్నీ అయ్యాయో లేదో కనుక్కుని అప్పుడు పేవర్ బ్లాకులు అడగండి, తవ్వినా లేపి మళ్ళీ పెట్టేయొచ్చు. ఇంటి ముందు వరకైతే పాత షాబాద్ బండలు చూడండి, ఇళ్ళు కూల్చేచోట మేస్త్రీని అడిగితే ఇస్తారు. అడుగున సిమెంట్ గట్టిగా పట్టేసినవి మాత్రం తీసుకోకండి, లేపేటప్పుడే సగం పగులుతాయి, ఇసుక మీదో సున్నం మీదో పరిచినవైతే నీట్‌గా వస్తాయి.