గుంటగలగరలో గడ్డి చామంతి కలిసిందా? పువ్వు తిప్పి చూడండి

ప్రశ్న: మాది కృష్ణా డెల్టా. దాళ్వా కోతలు అయ్యాక గట్ల మీద, బోదెల వెంట గుంటగలగర దండిగా మొలుస్తుంది. ఎండబెట్టిన సమూలం (వేరుతో సహా మొక్క మొత్తం) కొంటానని ఒక మూలికల వ్యాపారి అంటే కూలీలతో పీకించి, ఆరబెట్టి పంపాను. ‘ఇందులో గడ్డి చామంతి ఉంది, ఇంకేవో కూడా కలిశాయి’ అని సరుకు తిప్పి పంపాడు. రెండింటికీ తెల్ల పువ్వే కదా, కూలీలకు తేడా ఎలా చెప్పాలి? పసుపు పువ్వు పూసేదే అసలైన గుంటగలగర అని ఊళ్లో కొందరు అంటున్నారు. నర్సరీలో ఆ మొక్క అమ్ముతున్నారు. అర ఎకరంలో నాటమంటారా?
– ఒక రైతు, కృష్ణా జిల్లా

జవాబు: నర్సరీ మొక్క సంగతే ముందు చెబుతాను. దాన్ని నాటొద్దు. రోడ్డు డివైడర్ల మీద, ఆఫీసుల ముందు పచ్చగా తివాచీలా పరుచుకుని పసుపు పువ్వులు పూసే మొక్క చూసే ఉంటారు. నర్సరీల్లో ‘వెడెలియా’ పేరుతో ఎక్కువగా దొరికేది అదే. దాని శాస్త్రీయ నామం స్ఫాగ్నెటికోలా ట్రైలోబాటా. పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఇదీ ఉంది. కణుపు నేలకు తగిలితే చాలు, వేరు దిగుతుంది. ఒకసారి బోదెలోకి దిగిందంటే ఏటా కూలీల ఖర్చు తప్పదు.

పసుపు పువ్వు గుంటగలగర అనేది అసలు లేదని కాదు. ఉంది, అది మన దేశపు మొక్కే. స్ఫాగ్నెటికోలా కాలెండులేసియా అంటారు. తమిళనాట సిద్ధ వైద్యంలో ‘మంజల్ కరిసలాంకణ్ణి’ పేరుతో వాడతారు. నర్సరీ మొక్క ఆకు మందంగా, నిగనిగలాడుతూ, చాలా ఆకుల్లో పక్కలకు రెండు తమ్మెలు వచ్చి మూడు కొనలుగా ఉంటుంది. మన మొక్క ఆకు సన్నగా, పొడుగ్గా, తమ్మెలు లేకుండా ఉంటుంది. పువ్వు మాత్రం రెండింటిదీ పసుపే, అందుకే జనం మోసపోతారు. ఇంతకీ వ్యాపారి భృంగరాజ్ అని అడిగి ఉంటే అతనికి కావలసింది ఈ రెండూ కాదు. ఆయుర్వేదంలో భృంగరాజంగా లెక్కకు వచ్చేది తెల్ల పువ్వుల గుంటగలగరే, అంటే ఎక్లిప్టా ప్రోస్ట్రాటా. పాత పుస్తకాల్లో దీన్నే ఎక్లిప్టా ఆల్బా అని రాశారు. బేరం కుదిరేటప్పుడు వాడుక పేరుతో సరిపెట్టుకోకుండా శాస్త్రీయ నామం కాగితం మీద రాయించుకోండి.

ఇక తెల్ల పువ్వుల తగాదా. బంతి, చామంతి, ఆస్టర్, పొద్దుతిరుగుడు, మీ గట్టు మీది ఈ మొక్కలు అన్నీ ఒకే కుటుంబం. ఈ కుటుంబంలో మనం పువ్వు అనుకునేది ఒక్క పువ్వు కాదు, బుల్లి పువ్వుల గుత్తి. అంచున రేకల్లా కనిపించేవి ఒక రకం, మధ్యలో బొడ్డులా ఉండేవి ఇంకో రకం. నిలబడి పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. తెంపి కంటి దగ్గర పెట్టుకుంటేనే తేడా తెలుస్తుంది.

గడ్డి చామంతి, అదే మీ వైపు గాయపాకు అనో నల్లారం అనో అనేది, జానెడు పొడవున్న సన్నటి కాడ మీద ఒంటరిగా పూస్తుంది. మధ్య బొడ్డు పసుపు. అంచున రేకలు సాధారణంగా ఐదే, ఒక్కోదాని కొన మూడు పళ్లుగా చీలి ఉంటుంది. గుంటగలగర పువ్వు కాడ పొట్టి. పువ్వు చొక్కా గుండీ కంటే చిన్నది, బొడ్డులో పసుపు ఉండదు, తెలుపో లేత ఆకుపచ్చో ఉంటుంది. రేకలు లెక్కపెట్టలేనన్ని, దారపు పోగుల్లా సన్నగా ఉంటాయి. బొడ్డు పసుపుగా కనిపిస్తే పక్కన పడేయమని కూలీలకు చెప్పండి. ఆ ఒక్క మాటతో సగం తలనొప్పి పోతుంది.

పూత లేని మొక్కల దగ్గరే అసలు టెన్షన్. రెండింటికీ ఆకులు ఎదురెదురుగానే వస్తాయి, రెండూ గరుకే. గడ్డి చామంతి ఆకుకు చిన్న తొడిమ, అంచున లోతైన పళ్లు ఉంటాయి. గుంటగలగర ఆకు సన్నగా సాగి దాదాపు తొడిమ లేకుండా కాడకు అతుక్కుంటుంది, అంచున పళ్లు ఉన్నా లేనట్టే. ఇంకా అనుమానమైతే లేత ఆకులు నాలుగు అరచేతిలో నలిపి కాసేపు ఆగండి. గుంటగలగర రసం నల్లబడుతుంది, గడ్డి చామంతిది పచ్చగానే ఉంటుంది. రోజంతా ఇది పీకిన కూలీల వేళ్లు నల్లబడేది అందుకే.

‘ఇంకేవో కలిశాయి’ అన్నాడు కదా, అందులో పొన్నగంటి ఉందనే నా అనుమానం. తడి నేలలో రెండూ పక్కపక్కనే పెరుగుతాయి, పొన్నగంటికీ తెల్ల గుత్తులే. కానీ దాని పువ్వులు కాడ లేకుండా ఆకు మొదట్లోనే అంటుకుని ఉంటాయి, ఆకు నున్నగా ఉంటుంది. కళ్లు మూసుకుని తడిమినా తెలిసిపోతుంది. అది కూర వండుకోవడానికి బాగుంటుంది, గోతాంలో మాత్రం వద్దు.

తిరిగొచ్చిన సరుకును పారేయకండి. ముదురు పువ్వులున్న కట్టలను తెల్ల గుడ్డ మీద దులపండి. గడ్డి చామంతి గింజకు కుచ్చులా నూగు ఉంటుంది, ఊదితే లేచిపోతుంది. గుంటగలగర గింజ రెండు మిల్లీమీటర్ల పైచిలుకు, నల్లగా గరుకుగా ఉంటుంది. నూగు ఉండదు కాబట్టి పడ్డచోటే ఉంటుంది. నూగు రాలిన కట్టలు విప్పి ఏరించండి. ఎండిన ఆకు నల్లబారిందని కంగారు పడొద్దు, ఈ మొక్కకు అది సహజం. బూజు వాసన వస్తేనే సరుకు పాడైనట్టు. కుప్పగా పోయకుండా నీడలో బరకం మీద పలచగా పరచి, రోజూ తిరగేయించండి.

కోత విషయంలో రెండు జాగ్రత్తలు. గట్లకు గడ్డి మందు కొట్టిన సీజన్‌లో అక్కడ కోయకండి, మురుగు కాలవల పక్కన మొలిచింది అసలే వద్దు. రెండోది, పూత మొదలవగానే కోయించండి. గింజ రాలితే నీటితో పాటు మళ్లలోకి చేరుతుంది, వరి వెదజల్లే రైతుకు ఇది మొండి కలుపు. మీ సంపాదన పక్క చేనుకు కలుపు కాకూడదు కదా.

అర ఎకరంలో వేయాలనే ఉంటే గట్టు మీది మొక్కల గింజే చాలు. ఈ గింజకు వెలుతురు తగిలితేనే మొలక వస్తుంది కాబట్టి మట్టిలో కప్పొద్దు, తడి మడి పైన చల్లి వదిలేయండి. అయితే కొనేవాడు ఖాయమయ్యాకే దిగండి.

వేరుతో సహా, పూత ఉన్న మొక్కలు రెండు మూడు తీసి పాత పేపర్ల మధ్య అదిమి ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లండి. ఫోన్లో ఫొటో పంపితే గింజ, ఆకు గరుకు తెలియవు. అక్కడ చూసి ఖాయం చేశాక ఒక కట్ట నమూనాగా ఇంట్లో ఉంచుకుంటే, వచ్చే కోతకు కూలీలకు అదే చూపించవచ్చు.