ఫుడ్ టూర్ మొదటి రోజే పెట్టుకో

చి.ల.సౌ. అమ్మాయికి,

అత్త దీవెనలు. స్పెయిన్‌లోని సెవియ్యాకి టికెట్లు తీశామనీ, చివరి రోజు సాయంత్రం ఫుడ్ టూర్, అదే గైడు వెంట తిరుగుతూ ఆ ఊరి తిండి రుచి చూసే టూర్, బుక్ చేద్దామనుకుంటున్నామనీ నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. టికెట్ మీద సెవిల్ అని ఉంటుంది గానీ ఆ ఊరివాళ్లు సెవియ్యా అనే అంటారు. ఫోన్‌లో చెబితే సగం మాటలు నీ పిల్లాడి అల్లరిలో కలిసిపోతాయి, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ముందు ఆ చివరి రోజు ఆలోచన మానెయ్. దిగిన మర్నాడే పెట్టుకో.

చివరి రోజు పెట్టుకుని నష్టపోయినదాన్ని నేనే. మీ బావ అక్కడ చదువుకున్న రెండేళ్లలో మూడుసార్లు వెళ్లాను కదా. మొదటిసారి ఐదు రోజులు ఊరంతా కాళ్లరిగేలా తిరిగాం. ఆకలేస్తే పెద్ద చర్చి చుట్టుపక్కల, గుమ్మం ముందు ఫొటోల మెనూ పెట్టిన హోటల్లో కూలబడి చల్లారిన పాయెయా అనే అన్నం వంటకం తిన్నాం. అసలది వలెన్సియావాళ్ల వంట. సెవియ్యాలో అడిగి తినడమంటే గోదావరి పూతరేకులు అనంతపురంలో వెతుక్కోవడమే. ఆరో రోజు టూర్‌కి వెళ్లాక గానీ ఎక్కడ నిలబడాలో, ఏం అడగాలో, ఎంత చెప్పాలో తెలియలేదు. తెలిసిందనుకునేసరికి తెల్లారితే విమానం. ఆ టూర్ కడుపు నింపుకోవడానికి కాదమ్మా, అక్షరాభ్యాసం లాంటిది. దిద్దడం వచ్చాక మిగిలిన రోజులన్నీ నువ్వే చదువుకుంటావు.

మీ అత్తగారికి ముందే ఒక మాట చెప్పు, లేకపోతే గుమ్మంలోనే ఆగిపోతారు. అక్కడ బార్ అంటే మన బార్ కాదు. పొద్దున కాఫీ, రొట్టె అక్కడే, మధ్యాహ్నం భోజనం అక్కడే, సాయంత్రం ముచ్చట్లూ అక్కడే. చంటిపిల్లల్ని బండిలో తోసుకుంటూ వస్తారు, ఎనభై ఏళ్ల ముసలమ్మలు ముత్యాల దండ వేసుకుని వచ్చి కౌంటర్ దగ్గర నిలబడి పాలకూర తింటారు. మందు తాగి తీరాలని ఎవరూ అనరు. నీళ్లడిగినా అదే మర్యాద. తాగేవాళ్లకి మాత్రం హెరేస్ ఊరి ఫీనో, సాన్‌లూకర్ ఊరి మన్సనీయా అనే తెల్ల వైన్లు చిన్న గ్లాసుల్లో పోస్తారు. మన అల్లుడికి నచ్చుతాయో లేదో చెప్పలేను, మీ మామయ్య మాత్రం దగ్గుమందులా ఉందన్నారు.

బుక్ చేసేముందు గ్రూపులో ఎంతమంది అని అడుగు. పది పన్నెండు మంది దాటితే వద్దు. పాత బార్లు మన ఊరి కిళ్లీకొట్టుకి కాస్త పెద్దవి, అంతే. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇరవై రెండు మందిమి. గైడు జెండా పట్టుకుని ముందు నడుస్తుంటే వెనకవాళ్లకి ఆ జెండా కర్ర తప్ప ఏమీ కనిపించలేదు. పైగా ఫారంలో శాకాహారం అని రాసిన ఒకావిడకి మూడో చోట ఇచ్చిన శనగల్లో పంది మాంసం ముక్కలు తేలాయి. గైడు వాటిని చెంచాతో ఏరి పక్కన పెట్టి, ఇప్పుడు తినండి అన్నాడు! ఆ కంపెనీ పేరెందుకులే.

మంచి టూర్ మూడు నాలుగు గంటలుంటుంది. మనిషికి 80 నుంచి 120 యూరోలదాకా తీసుకుంటారు, తిండీ పానీయాలూ అందులోనే. ఫ్రీ టూర్ అని కనబడేవాటిలో తిండి ఉండదు, నడకా కబుర్లూ మాత్రమే, చివర్లో టిప్ మన ఇష్టం. రూపాయల్లోకి మార్చి గుండెలు బాదుకోకు. ఒక తాపా 3 నుంచి 5 యూరోలే కాబట్టి ఆ డబ్బుతో సొంతంగా ఇరవై ప్లేట్లు తినొచ్చన్నది నిజమే. కానీ ఏ ఇరవయ్యో తెలియాలిగా.

తాపా అంటే ఒక వంట పేరు కాదు, కొలత. చిన్న ప్లేటు. దానికన్నా పెద్దది మేదియా రసియోన్, ఇంకా పెద్దది రసియోన్. ఇది తెలియక మేం ముగ్గురం మూడు రసియోన్లు చెప్పి, పెళ్లివిందులా బల్ల నిండిపోతే తెల్లమొహాలు వేశాం. రొట్టె, పీకోస్ అనే కరకరలాడే చిన్న పుల్లలు అడగకుండానే తెచ్చిపెడతారు, వాటికీ కొద్దిగా బిల్లు వేస్తారు. అది మోసం కాదు, అక్కడి పద్ధతి.

ఇక మీ అత్తగారి సంగతి. శాకాహారి అన్న ఒక్క మాటతో సరిపెట్టకు. హామ్, అంటే ఊరబెట్టిన పంది తొడ మాంసం, ముక్కలు చల్లినదాన్ని మాంసం కింద లెక్కేయని వంటవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. విడివిడిగా చెప్పాలి. సిన్ కార్నే, మాంసం లేకుండా. సిన్ హమోన్, హామ్ లేకుండా. సిన్ పెస్కాదో, చేప లేకుండా. గుడ్డు కూడా తినరు కదా, సిన్ వేవో. ఓ కాగితం మీద రాసి ఆవిడ పర్సులో పెట్టు. వంకాయ వేపుడు మీద చెరకు పాకం పోసి ఇస్తారు, చాలా బావుంటుంది, కానీ చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తారేమో అడుగు. సాల్మొరేహో అని టమాటా, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి మెత్తగా రుబ్బిన చల్లటి చిక్కటి సూప్ ఉంటుంది. అది కోర్దోబా వంటే అయినా సెవియ్యాలో ప్రతిచోటా దొరుకుతుంది. పైన హామ్, ఉడికించిన గుడ్డు చల్లకుండా ఇమ్మను. ఆలివ్‌లయితే నిశ్చింతగా తినొచ్చు. గోర్దాల్ అనే రకం కాయ పెద్ద ఉసిరికాయంత ఉంటుంది, ఊరేసిన తీరూ మన ఉసిరిని గుర్తుచేస్తుంది. క్రిస్మస్ స్వీట్లు పోల్వొరోన్, మంతెకాదో మాత్రం ఆవిడ దగ్గరికి రానీయకు. చూడ్డానికి మన సున్నుండల్లా అమాయకంగా ఉంటాయి, వాటిలో వేసేది పంది కొవ్వు.

ఆవిడకి అసలు పండగ ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్. పాలకూర, శనగలు, వెల్లుల్లి, జీలకర్ర, పాప్రికా, వేయించి దంచిన రొట్టె. ముద్దగా, గోరువెచ్చగా చిన్న గిన్నెలో ఇస్తారు. మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే ఆ జీలకర్ర వాసనకి నాకు మా అమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. అరబ్బుల కాలం నాటి రుచి అని గైడ్లు చెబుతారు. సెవియ్యా 1248 దాకా ముస్లింల ఏలుబడిలో ఉంది మరి. కొన్ని బార్లలో ఇందులోనూ మాంసం నీళ్లు పోస్తారు, అడిగి తినాలి.

దీనికి పేరున్న చోటు హెరోనా వీధిలోని ఎల్ రింకొన్సీయో. 1670 నుంచి ఉన్న బార్. టూర్‌లో లేకపోయినా మీరే వెళ్లండి, తలుపులు తీసే వేళకి. కాస్త ఆలస్యమైతే కాలు పెట్టే సందుండదు. కుర్చీ కోసం చూడకు, కౌంటర్ దగ్గరే నిలబడు. నువ్వు ఏదైనా చెప్పగానే అతను సుద్దముక్క తీసి నీ ముందున్న చెక్క మీదే అంకె వేస్తాడు. ఇంకో ప్లేటు, ఇంకో అంకె. అరచేయంత జాగాలో నీ లెక్క, పక్కన ఇంకొకరి లెక్క. మన పాలవాడు గోడ మీద గీతలు పెట్టేవాడు చూడు, అచ్చం అలాగే. తినడం అయ్యాక మే కోబ్రా, అంటే బిల్లు తీసుకోండి, అని అడిగితే అక్కడికక్కడే కూడి, డబ్బు తీసుకుని గుడ్డతో తుడిచేస్తాడు. మీ మామయ్య బ్యాంకులో ముప్పై రెండేళ్లు చేసిన మనిషి కదా, తలకిందులుగా ఉన్న ఆ లెక్కని మనసులో సరిచూసుకుంటూ నిలబడిపోయారు. సరిగ్గానే ఉందట.

టూర్ దారిలో త్రియానా ఉండేలా చూడు. నదికి అవతలి ఒడ్డు పేట. వంతెన దిగగానే మార్కెట్. వెళ్తే ఆదివారం కాకుండా పొద్దున పూట వెళ్లాలి. నేను రెండోసారి వెళ్లినప్పుడు దొరికిన గైడు పిల్ల మమ్మల్ని సరాసరి పంది కాళ్లు వేలాడుతున్న కొట్టు ముందు నిలబెట్టి, మీ కాళ్ల కింద ఏముందో తెలుసా అని అడిగింది. శాన్ హోర్హే కోట శిథిలాలున్నాయట. 1481 నుంచి ఇంక్విజిషన్ వాళ్లు, అంటే మతం తప్పారన్న అనుమానం మీద జనాన్ని పట్టే చర్చి న్యాయస్థానం వాళ్లు, ఆ కోటలోనే మకాం పెట్టి జనాన్ని విచారించారు. క్రైస్తవంలోకి మారిన యూదుల ఇంట్లో పంది మాంసం వండట్లేదని, కొవ్వుకి బదులు ఆలివ్ నూనె వాడుతున్నారని ఇరుగుపొరుగు చెబితే, పాత మతం వదల్లేదని అదీ అనుమానమే, అదీ సాక్ష్యమే. ఎవరి పొయ్యి మీద ఏ నూనె కాగుతోందో వాసన చూసి పట్టించిన కాలం! ఆ మాట విన్నాక పైకి చూస్తే ఆ వేలాడే కాళ్లు ఇంకోలా కనిపించాయి నాకు. ఇలాంటిది చెప్పే గైడు దొరికితే ఇచ్చిన యూరోలు గిట్టినట్టే. ఊరికే రుచి చూపించి యమ్మీ కదా అనే గైడు అయితే నీ ఖర్మ.

హమోన్ నేను ముట్టలేదు గానీ కోసేవాణ్ణి చాలాసేపు చూశాను. కాలిని చెక్క స్టాండుకి బిగించి, సన్నటి పొడుగాటి కత్తితో, వెనక ఉన్నది కనిపించేంత పల్చగా తీస్తాడు. కాలికి కట్టిన ప్లాస్టిక్ ట్యాగ్ రంగు చూడమని అల్లుడికి చెప్పు. నలుపు ఉంటే అసలు సిసలు ఇబేరియన్ జాతి పంది, ఓక్ చెట్ల కింద రాలిన కాయలు మేసి పెరిగింది. తెలుపు ఉంటే దాణా తిన్నది. కొట్టువాడు ఏం చెప్పినా ట్యాగ్ అబద్ధమాడదు.

నువ్వు చేపలు తింటావు కాబట్టి ఊరేసి వేయించిన కసోన్ తిను, చిన్న సొరచేప అది. వెనిగర్, జీలకర్ర పుల్లపుల్లగా తగులుతాయి. మొహామా అని ఉప్పుపెట్టి ఎండబెట్టిన ట్యూనా కూడా చూడు. మన ఎండుచేపలకి అన్నగారు. ఎన్‌కార్నసియోన్ కూడలిలో పుట్టగొడుగుల్లాంటి పెద్ద చెక్క కట్టడం ఉంది, 2011లో తెరిచారు. దాని కింద తవ్వకాల్లో రోమన్ల కాలంలో చేపలు ఉప్పులో ఊరబెట్టిన తొట్లు బయటపడ్డాయి. నేలమాళిగలో చూపిస్తారు. అదే కట్టడంలో ఇప్పుడూ మార్కెట్ ఉంది, చేపలు అమ్ముతున్నారు.

కారం అంటావా, ఉండదు. సంచిలో గుంటూరు కారప్పొడి పెట్టుకెళ్లు, నేను కాదనను, కానీ మొదటి రెండు రోజులు తియ్యకు. పాప్రికా కూడా మిరపే, ఎర్రగా ఉంటుంది, మంట పుట్టదు. ఇంకో సంగతి, పెద్ద చర్చిలో కొలంబస్ సమాధి ఉంది. అమెరికా నుంచి మిరప స్పెయిన్‌కి చేరింది అతని ప్రయాణాలతోనే. తర్వాత పోర్చుగీసువాళ్లు దాన్ని మన దేశానికి తెచ్చారు. అతను చేసిన మంచీ చెడ్డా ఎలా ఉన్నా, గుంటూరు ఆడదాన్ని, ఒక నిమిషం నిలబడి వచ్చాను.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఏ టూర్‌లోనూ లేదు. శాన్ లేఆంద్రో కాన్వెంట్. మనకి కాన్వెంట్ అంటే ఇంగ్లీషు మీడియం బడి. ఇది సిస్టర్లు లోపలే ఉండి బయటివాళ్లకి కనబడని మఠం. గోడలో తిరిగే చెక్క పెట్టె ఉంటుంది. గంట కొడితే లోపలినుంచి ఒక గొంతు ఆవె మరీయా పురీసిమా, పరమ పవిత్ర మరియమ్మకి వందనం, అంటుంది. సిన్ పెకాదో కోన్సెబీదా, పాపం అంటకుండా కడుపున పడ్డ తల్లి, అని మనం బదులు చెప్పాలి. ఏం కావాలో చెప్పి డబ్బు పెట్టెలో పెడితే అది గిర్రున తిరుగుతుంది, తిరిగొచ్చేసరికి అందులో యేమాస్ డబ్బా ఉంటుంది. గుడ్డు పచ్చసొన, పంచదారతో చేసిన మెత్తటి స్వీటు, మీ అత్తగారికి పనికిరాదు. మనిషి మొహం కనిపించకుండా మిఠాయి కొనడం నాకైతే అదే మొదలు.

మీరు వెళ్లేది మార్చి నెలాఖరు కదా, ఈస్టర్ ఎప్పుడొచ్చిందో క్యాలెండర్ చూసుకో. ఈస్టర్‌కి ముందు వారమంతా ఊరేగింపులతో వీధులు మూసేస్తారు, టూర్ దారులు మారిపోతాయి. కానీ తొరీహాస్ దొరుకుతాయి. రొట్టె ముక్కల్ని పాలలోనో వైన్‌లోనో నానబెట్టి, గుడ్డులో ముంచి వేయించి తేనె పోస్తారు. మన డబుల్ కా మీఠాకి దూరపు చుట్టం. టూర్ రోజు పొద్దున కాఫీతో సరిపెట్టు, పెరుగన్నం తిని వెళ్లిన నా గతి నీకు పట్టకూడదు. అక్కడ మధ్యాహ్న భోజనం రెండు దాటాకే, రాత్రిది తొమ్మిదికి. ఏడింటికే అన్నం అడిగితే వింతగా చూస్తారు, కాబట్టి పిల్లాడికి బిస్కెట్లు దగ్గర పెట్టుకో. చెప్పులు పాతవి వేసుకో, ఆ గులకరాళ్ల సందులు కొత్తవాటికి పనికిరావు.

వీధుల నిండా నారింజ చెట్లే ఉంటాయి, మీరు వెళ్లే వేళకి పూత వాసన కమ్మేస్తుంది. వాళ్లు దాన్ని నరాన్హా అంటారు, మన నారింజా అదీ ఒకే మాట. ఇక్కడినుంచి పారశీకులూ అరబ్బుల మీదుగా అక్కడికి చేరింది. కాయ కోసి కొరకకండి, చేదూ పులుపూ. మనం పులిహోరలో పిండుకునే నారింజే అది. దానితో సాంతా పౌలా మఠం సిస్టర్లు మార్మలేడ్ చేసి అమ్ముతారు. నాకు ఒక సీసా తీసుకురా. పెద్ద సూట్‌కేసులో, బట్టల మధ్య పెట్టు. చేతిసంచిలో పెడితే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. పోయినసారి మీ మామయ్య రెండు సీసాలు వాళ్లకి సమర్పించి వచ్చారు.

ఇట్లు,
మీ అత్త