పాలపళ్లే కదా అనుకోకు బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

చిన్నోడికి ఏడాదిన్నర వస్తోంది, పై పళ్లు నాలుగూ బాగానే వచ్చాయని రాశావు. బాగున్నాయో లేదో ఇట్లా చూడు. పొద్దున వెలుతురులో వాకిట్లో కూర్చుని వాడి తల నీ ఒళ్లో పెట్టుకో. పై పెదవిని వేలితో మెల్లగా ఎత్తి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, పన్ను చిగురును ఆనుకునే చోట చూడు. అక్కడ సున్నంతో గీసినట్టు మెరుపు లేని తెల్లగీత కనిపిస్తే పిప్పి మొదలైనట్టే. అప్పుడు నొప్పి ఉండదు, అందుకే వాడు ఏడవడు, మనకు తెలియదు. గీతగా ఉన్నప్పుడే పట్టుకుంటే పన్ను మళ్లీ గట్టిపడుతుంది. గుంట పడితే అది పూడదు. నెలకోసారి చూస్తుండు.

ముందుగా పై పళ్లకే ఎందుకు వస్తుందంటే, పాలు తాగేటప్పుడు కింది పళ్లను నాలుక కప్పేస్తుంది, ఉమ్మి కూడా అక్కడే ఊరుతుంది. నిద్రలో ఆ ఉమ్మి బాగా తగ్గిపోతుంది. సీసా నోట్లో ఉండగానే నిద్రపోతే పాలు పై పళ్ల చుట్టూ నిలిచిపోతాయి. అందులో చక్కెర కలిపితే ఇంకా చెరుపు. రాత్రి సీసా ఒక్కసారిగా మాన్పించలేకపోతే, ఆ ఒక్క సీసాలో రోజూ పాలు తగ్గిస్తూ నీళ్లు పెంచు. పది రోజులకు ఉత్త నీళ్లే ఉండాలి. పగటి పాలు గ్లాసుతో పట్టు.

తీపి ఎంత తిన్నాడన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నాడన్నదే ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో క్రిములు పన్నును కరిగించే పులుపు పుట్టిస్తాయి, అది తగ్గేసరికి అరగంట పడుతుంది. బాపమ్మ చాయ్‌లో ముంచిన బిస్కట్ పెడుతుంది, తాత కిరాణం దుకాణం నుంచి పిప్పరమెంటు తెస్తాడు, మేనమామ చాక్లెట్ ఇస్తాడు. ఒక్కటే కదా అని ఎవరికి వారు అనుకుంటారు, వాడి పళ్లకు మాత్రం పొద్దంతా పులుపే. అందరినీ కూర్చోబెట్టి చెప్పు. బెల్లం మంచిదంటారు కానీ పన్నుకు అదీ చక్కెరే, పైగా అంటుకుంటుంది. మేడారం జాతర నుంచి బంగారమని తెచ్చిన ప్రసాదం బెల్లమైనా సరే, అన్నం తిన్నాకే చిన్న ముక్క పెట్టి నీళ్లు తాగించు. అంగన్‌వాడీ బాలామృతం మానకు, బలమైన తిండే. కానీ అందులో చక్కెర ఉంది, గుప్పిట్లో పొడి పోసి నాకుతూ తిరగనివ్వొద్దు. కలిపి ఒక పూటకు కూర్చోబెట్టి తినిపించు. మధ్యలో ఆకలైతే మెత్తగా నలిపిన శనగ గుడాలో, పెరుగో పెట్టు.

నీ నోరు కూడా చూపించుకో. తల్లికి పిప్పిపళ్లుంటే ఆ క్రిములు ఎంగిలితో బిడ్డకు చేరతాయి. నమిలి పెట్టడం, రుచి చూసిన చెంచాతోనే తినిపించడం వద్దు. పెద్ద పిల్లకు ఇప్పటికే పిప్పి ఉందంటున్నావు, కాబట్టి వీడికీ వచ్చే అవకాశం ఎక్కువే. ఇద్దరిదీ ఒకే ఇంటి తిండి, అవే అలవాట్లు. బీడీ పొగ ఉండే ఇళ్ల పిల్లల్లోనూ ఇది ఎక్కువ కనిపిస్తుంది. మీ మామను ఇంట్లో కాల్చొద్దని బతిమాలు.

పేస్టు కొనేటప్పుడు వెనక చదువు, ఫ్లోరైడ్ 1000 పీపీఎం దగ్గర ఉండాలి. బొమ్మలేసి అమ్మే పిల్లల పేస్టుల్లో కొన్నింట్లో ఫ్లోరైడే ఉండదు. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠానీ గింజంత చాలు. నల్లగొండలో ఫ్లోరైడ్‌తో ఎముకలు వంకరపోయిన సంగతి తలుచుకుని భయపడకు, అది ఏళ్ల తరబడి తాగిన నీళ్ల వల్ల వచ్చింది. మీరు బోరు నీళ్లే తాగుతుంటే మాత్రం పరీక్ష చేయించు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు మానేసి, పేస్టు విషయం డాక్టరును అడుగు. బొగ్గు, ఉప్పు, ఇటుకపొడి ముట్టనివ్వకు. రోజుకు రెండుసార్లు తోమాలి, రాత్రిది అస్సలు తప్పకూడదు. తోమాక నీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. ఏడెనిమిదేళ్లొచ్చే దాకా నువ్వే తోము, అప్పటి దాకా వాళ్ల చెయ్యి వెనక పళ్లకు సరిగా తిరగదు.

ఊడిపోయేవే కదా అని మీ అత్త అంటే, వెనక పాలదంతాలు పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయని చెప్పు. అన్నం నమలాల్సింది వాటితోనే. ఏడాది నిండేలోపే ఒకసారి పళ్ల డాక్టరుకు చూపించాల్సింది, ఇంకా ఆలస్యం చేయకు. తెల్లగీత ఉంటే ఫ్లోరైడ్ పూత వేస్తారు, నొప్పి ఉండదు. చిగురు మీద చీము పొక్కు లేచినా, చెంప వాచినా, జ్వరం వచ్చినా మాత్రం తెల్లారే దాకా ఆగకుండా దవాఖానకు తీసుకుపో.

మీ పెద్దమ్మ