మైలుతుత్తం నుంచి గుడ్డుపెంకు దాకా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

లోహ సంక్లిష్టాల (లోహ అయాను చుట్టూ ఇతర అణువులు, అయాన్లు చేరి ఏర్పడే పదార్థాల) గురించీ, హరిత ఉత్ప్రేరకాల (పర్యావరణానికి హాని తగ్గేలా చర్యలను వేగవంతం చేసే పదార్థాల) గురించీ విశాఖపట్నం పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతిని ఇద్దరు ముగ్గురు అడిగినచోట వాటిని కలిపేశాం.

ప్రశ్న: మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) ద్రావణంలో అమోనియా పోస్తే మొదట లేతనీలం అవక్షేపం వచ్చింది. మరికొంత పోయగానే అది కరిగి ముదురు నీలంగా మారింది. ఆల్కహాలు పోసి దింపిన స్ఫటికాలు మాత్రం వారం తిరక్కుండానే వెలిసిపోయాయి. తప్పు ఎక్కడ జరిగింది? (బి.ఎస్సీ. విద్యార్థిని, మద్దిలపాలెం)

జవాబు: నీళ్లలో రాగి అయాను ఒంటరిగా ఉండదు. నీటి అణువులు తమ ఎలక్ట్రాన్ జంటలను దానికి అందిస్తూ చుట్టూ చేరతాయి కనుక, మీరు మైలుతుత్తాన్ని కరిగించినప్పుడే బీకరులో ఒక సంక్లిష్టం తయారైపోయింది. అమోనియా కొద్దిగా చేరితే ద్రావణానికి క్షారగుణం వచ్చి, రాగి క్షార సల్ఫేటుగా, హైడ్రాక్సైడుగా అడుగుకు దిగుతుంది. మీరు చూసిన లేతనీలపు ముద్ద అదే. ఇంకా పోస్తే, అమోనియాలోని నైట్రోజన్ నీటిలోని ఆక్సిజన్ కంటే రాగిని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, నాలుగు అమోనియా అణువులు నీటి స్థానాల్లో కుదురుకుని ముద్ద కరిగిపోతుంది. నీటి సంక్లిష్టం 800 నానోమీటర్ల దగ్గర, అంటే కంటికి దాదాపు ఆనని ఎరుపు అంచున కాంతిని పీల్చుకుంటుంది. అమోనియా సంక్లిష్టం 600 నానోమీటర్ల దగ్గర, నారింజ రంగు ప్రాంతంలో, అంతకంటే బలంగా పీల్చుకుంటుంది కనుక మనకు ముదురు నీలం కనిపిస్తుంది.

5 గ్రాముల మైలుతుత్తానికి లెక్క ప్రకారం 4.92 గ్రాముల స్ఫటికాలు రావాలి. ఆల్కహాలును ఒక్కసారిగా కుమ్మరిస్తే పిండిలాంటి పొడి దిగుతుంది. బీకరు అంచు వెంట సన్నగా జార్చి, పైన వాచ్‌గ్లాసు మూసి, రాత్రంతా కదపకుండా వదిలేస్తే పొడవాటి స్ఫటికాలు వస్తాయి.

ఇక వెలిసిపోవడం సంగతి. ఈ స్ఫటికాల్లోని అమోనియా తేమగాలిలో మెల్లగా వదిలిపోతుంది. సీసా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు దాని జాడే. సముద్రం ఒడ్డున ఉన్న మన ఊరి గాలిలో తేమకు కొదవ లేదు. డెసికేటర్‌లో (తేమ తగలకుండా దాచే మూత పాత్రలో) ఏం పెట్టారో మీరు రాయలేదు కానీ, చాలా ప్రయోగశాలల్లో అలవాటుగా పెట్టే కాల్షియం క్లోరైడు గనక పెట్టి ఉంటే నష్టం రెట్టింపయి ఉంటుంది. ఎందుకంటే అది నీటినే కాక అమోనియాను కూడా పట్టుకుంటుంది, అదీ తాను మరో సంక్లిష్టంగా మారి! ఓవెన్ జోలికీ పోవద్దు. స్ఫటికాలను వడపోత కాగితాల మధ్య అద్ది, కాసేపు ఆరనిచ్చి, బిరడా బిగించిన చిన్న సీసాలో నిండుగా దాచండి.

ప్రశ్న: మా అమ్మగారికి ఆసుపత్రిలో ఎక్కించిన క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినం ఉందట. నగలకు వాడే లోహం మందు ఎలా అవుతుంది? (అక్కయ్యపాలెం)

జవాబు: నగలోని ప్లాటినం వేరు, మందులోని ప్లాటినం వేరు. మందులో ఒక ప్లాటినం అయాను చుట్టూ చతురస్రం నాలుగు మూలల్లో రెండు అమోనియాలు, రెండు క్లోరైడులు ఉంటాయి. క్లోరైడులు రెండూ పక్కపక్క మూలల్లో ఉండటం ముఖ్యం. కణంలోకి వెళ్లాక క్లోరైడులు ఊడిపోయి, ఆ ఖాళీల్లో డి.ఎన్.ఏ.లోని నైట్రోజన్లు తగులుకుంటాయి. అలా మెలికపడిన డి.ఎన్.ఏ. నకలు తీసుకోలేక కణం చనిపోతుంది. క్లోరైడులు ఎదురుమూలల్లో ఉన్న జంట పదార్థానికి ఈ గుణం లేదు.

దీన్ని పెయ్‌రోనె అనే ఇటలీ రసాయనవేత్త 1844లోనే తయారుచేశారు. అమెరికాలో రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియా మీద విద్యుత్ ప్రభావాన్ని పరీక్షిస్తుండగా, ప్లాటినం ఎలక్ట్రోడుల నుంచి కరిగిన సంక్లిష్టాల వల్ల అవి విభజన మాని దారాల్లా సాగాయి. ఆ ఫలితం 1965లో ప్రచురితమైంది, 1978లో మందుకు అనుమతి వచ్చింది.

పక్కపక్క మూలలనే కోరి తేవడం ఎలాగన్నది నిజంగా చవులూరించే విషయం. 1970లో మన దేశపు రసాయనశాస్త్ర పత్రికలోనే ధారా అనే రసాయనవేత్త ప్రచురించిన పద్ధతిలో ముందుగా ప్లాటినం చుట్టూ నాలుగు అయొడైడులను చేరుస్తారు. అయొడైడుకు తన ఎదురుమూలలో ఉన్నదాని పట్టు సడలించే గుణం ఉంది. మొదటి అమోనియా ఒక మూలలో కూర్చున్నాక, దానికి ఎదురుగా ఉన్న అయొడైడు గట్టిగానే ఉంటుంది. ఒకదానికొకటి ఎదురుగా ఉన్న మిగతా రెండింట్లోనే ఒకటి ఊడుతుంది కనుక, రెండో అమోనియా మొదటిదాని పక్కకే చేరుతుంది. తర్వాత సిల్వర్ నైట్రేటుతో అయొడైడులను తీసేసి, పొటాషియం క్లోరైడు కలిపితే పసుపుపచ్చని సిస్‌ప్లాటిన్ దిగుతుంది.

ప్రశ్న: వేపాకు కషాయంతో పెల్లేడియం నానోకణాలు చేసి సుజుకి చర్యలో (రెండు కర్బన అణువులను కలిపే చర్యలో) ఉత్ప్రేరకంగా వాడుతున్నాను. "ఇందులో హరితం ఏముంది?" అని వైవాలో అడిగితే "వేపాకు" అన్నాను. అందరూ నవ్వారు. ఏం చెప్పి ఉండాల్సింది? (పరిశోధక విద్యార్థి, చినవాల్తేరు)

జవాబు: నవ్వినవారిని తప్పుపట్టలేం, మిమ్మల్నీ తప్పుపట్టలేం, ఆకు పేరు తగిలించగానే హరితమైపోయిందని రాసే పత్రాలు అన్ని వచ్చిపడుతున్నాయి. ఆకు చేసే పని ఇంతే: కషాయంలోని పాలీఫినాళ్లు లోహ అయానును క్షయకరణం చేసి, పుట్టిన కణాలు ముద్దకట్టకుండా పైన పూతగా నిలుస్తాయి. ఆ క్షయకరణానికి మామూలుగా వాడే సోడియం బోరోహైడ్రైడు వాడకం తప్పింది, మంచిదే. మిగతా లెక్క చెప్పమని వారు అడిగారు.

అనాస్టాస్, వార్నర్‌లు 1998లో ప్రకటించిన హరిత రసాయనశాస్త్రపు 12 సూత్రాల్లో మొదటిది వ్యర్థాన్ని పుట్టనివ్వకపోవడం; ఉత్ప్రేరకం మాట తొమ్మిదోదానిలో వస్తుంది. అంతకుముందే షెల్డన్ అనే రసాయనవేత్త ఈ-ఫ్యాక్టర్ అనే కొలత ఇచ్చారు: కిలో సరుకు తయారీలో ఎన్ని కిలోల వ్యర్థం పుట్టిందన్నదే ఆ అంకె. భారీ రసాయనాల్లో అది 5 లోపే ఉంటుంది, మందుల తయారీలో 25 నుంచి 100 దాకా, ఒక్కోసారి అంతకు మించి పోతుంది. మీ పనికే ఈ కొలత పెట్టి చూడండి. ఒక గ్రాము ఉత్పన్నాన్ని శుద్ధి చేయడానికి సిలికా కాలమ్‌లో (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే సిలికా పొడి నింపిన గొట్టంలో) 200 మిల్లీలీటర్ల ఇథైల్ అసిటేట్ పోశారనుకుందాం. దాని బరువు 180 గ్రాములు. దాన్ని తిరిగి పట్టుకోకపోతే ఆ ఒక్క మెట్టులోనే మీ ఈ-ఫ్యాక్టర్ 180 అయింది. ఈ అంకె ముందు వేపాకు ఏ పాటి? కాలమ్ మాని, నీరు కలిపిన ఆల్కహాలులో స్ఫటికీకరణ చేయగలిగితే ఆకు కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

రెండోది, లోహం కారిపోవడం. చర్య సగంలో ఉండగా, వేడి తగ్గకముందే ఉత్ప్రేరకాన్ని వడగట్టి తీసేయండి. వడపోసిన ద్రవాన్ని మళ్లీ అదే వేడిలో పెట్టి టీఎల్‌సీ (చర్య ఎంతవరకు సాగిందో పలక మీద చుక్కలతో చూపే పరీక్ష) చూస్తూ ఉండండి. చర్య ఇంకా ముందుకు సాగితే పెల్లేడియం ద్రావణంలోకి దిగిపోయిందని, అసలు పని ఆ కరిగిన లోహమే చేస్తోందని అర్థం. చల్లారనిచ్చి వడగడితే మాత్రం ఈ పరీక్షకు విలువ లేదు, ఎందుకంటే చల్లారేలోగా కారిన లోహం తిరిగి కణాల మీదే పేరుకోగలదు. నోటి ద్వారా తీసుకునే మందుల్లో పెల్లేడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటరాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి కనుక, పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగానికి వెళ్లినా మిమ్మల్ని ముందు అడిగేది ఈ అంకెనే.

ఒక ఉదాహరణ చెబుతాం. ఐబూప్రొఫెన్ తయారీ పాత పద్ధతిలో 6 మెట్లు ఉండేవి, వేసిన పరమాణువుల్లో 40 శాతమే బరువు లెక్కన మందులోకి చేరేవి. కొత్త పద్ధతిలో మెట్లు 3, చేరేది 77 శాతం; దానికి 1997లో అమెరికాలో హరిత రసాయన పురస్కారం దక్కింది. అందులో వాడే ఉత్ప్రేరకాలు నికెల్, పెల్లేడియం, చర్మం మీద పడితే ఎముక దాకా దిగే హైడ్రోజన్ ఫ్లోరైడు! వీటిలో ఏదీ చెట్టుకు కాసింది కాదు. హైడ్రోజన్ ఫ్లోరైడును బయటకు పోనివ్వకుండా పట్టి మళ్లీ మళ్లీ వాడతారు కనుకనే ఆ పద్ధతికి ఆ గౌరవం.

ప్రశ్న: 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైన మన రిఫైనరీలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఉత్ప్రేరకం చర్యలో ఖర్చు కాదని చదువుకున్నాం. మరి కొన్నేళ్లకోసారి రియాక్టరులోని క్యాటలిస్టును, నైట్రోజన్ నింపి, గాలి గొట్టాల మాస్కులతో ఎందుకు దింపేవాళ్లం? (విశ్రాంత ఉద్యోగి, మల్కాపురం)

జవాబు: చర్యలో ఖర్చు కాదన్నది నిజమే, కానీ అది చెడిపోదని ఎవరూ అనలేదు. డీజిల్ లోని గంధకాన్ని తీసేందుకు అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) మీద కోబాల్టు, మాలిబ్డినం సల్ఫైడులను పరిచి వాడతారు. వాటి రంధ్రాల్లో క్రమంగా బొగ్గు పేరుకుంటుంది. బొగ్గునైతే కాల్చి వదిలించవచ్చు. భారమైన నూనెలతో వచ్చే నికెల్, వెనేడియంలు మాత్రం అక్కడే తిష్ఠ వేస్తాయి. ముడిచమురులో ఈ లోహాలు చాలావరకు పోర్ఫిరిన్ (నాలుగు నైట్రోజన్లతో లోహాన్ని మధ్యలో పట్టుకునే వలయపు అణువు) సంక్లిష్టాలుగా ఉంటాయి. ట్రైబ్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1930లలో వీటిని గుర్తించి, ఇవి ప్రాచీన జీవుల పత్రహరితం నుంచి వచ్చినవేనని చూపించారు. పత్రహరితంలోని మెగ్నీషియం పోయి, దాని గూటిలో వెనేడియమో నికెలో చేరిందన్నమాట. చినవాల్తేరు మిత్రుడు నమ్ముకున్న ఆకుపచ్చదనమే కోట్ల ఏళ్ల తర్వాత మీ ఉత్ప్రేరకానికి విషమైంది.

నైట్రోజన్ ఎందుకంటే, వాడిన సల్ఫైడులకు గాలి సోకగానే అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. ఆ నైట్రోజన్‌లో మనిషి ఊపిరి నిలవదు కాబట్టి మాస్కులు. దింపిన సరుకు ప్రమాదకర వ్యర్థమే అయినా, దానిలోని మాలిబ్డినం, కోబాల్టులను తిరిగి తీసే పరిశ్రమలు ఉన్నాయి.

ప్రశ్న: షాంపూ సీసా మీద ఈడీటీఏ అని ఉంటుంది. అది హానికరమా? (గృహిణి, గాజువాక)

జవాబు: ఆ మోతాదులో భయం అక్కరలేదు. ఒక్కో అణువు ఆరు చోట్ల లోహ అయానును చుట్టి పట్టుకుంటుంది; కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియంలను అలా కట్టేస్తేనే నురగ సరిగా వస్తుంది. సీసం విషమెక్కినవారికి దీని కాల్షియం లవణాన్నే వైద్యులు ఎక్కిస్తారు. దీనిమీద ఉన్న అసలు ఫిర్యాదు వేరు: మురుగునీటిలో కలిశాక ఇది త్వరగా విచ్ఛిన్నం కాదు. సిట్రేటు వాడిన సబ్బులు దొరికితే అవే నయం.

ప్రశ్న: గుడ్డుపెంకులతో ఉత్ప్రేరకం చేసి, వాడేసిన వంటనూనెను బయోడీజిల్‌గా మార్చే ప్రాజెక్టు మా తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించవచ్చా? (ఉపాధ్యాయుడు, భీమునిపట్నం)

జవాబు: సూత్రం సరైనదే, బడికి మాత్రం తగదు. పెంకులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటు; మీ తీరంలో దొరికే గవ్వలూ అంతే. 900 డిగ్రీల దాకా కాలిస్తే కార్బన్ డయాక్సైడు పోయి సున్నం మిగులుతుంది, 100 గ్రాముల శుద్ధ కార్బొనేటుకు 56 గ్రాముల చొప్పున. గ్యాస్ పొయ్యి మీద గిన్నెలో పెడితే ఆ వేడి రాదు, కొలిమి కావాలి. కాల్చిన సున్నాన్ని తెరిచి ఉంచితే గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడును పీల్చుకుని చచ్చుబడుతుంది. పదేపదే కాగిన నూనెలోని స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు సున్నంతో కలిసి సబ్బవుతాయి, బయోడీజిల్ అడుగున జిగురు పేరుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ చర్యకు మిథనాలు కావాలి. అది కంటిచూపును, ప్రాణాన్ని తీసే విషం, తేలిగ్గా అంటుకునే ద్రవం. పిల్లల చేతికి ఇవ్వకండి.

దీనికి బదులు మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడును సగానికి సగం నీళ్లు కలిపి మూడు గాజు గ్లాసుల్లో పోయించండి. ఒకదానిలో పచ్చి బంగాళాదుంప ముక్క, ఒకదానిలో ఉడికించిన ముక్క వేయించి, మూడోదాన్ని అలాగే వదిలేయమనండి. పచ్చి ముక్క చుట్టూ వెంటనే ఆక్సిజన్ బుడగలు పొంగుతాయి. దుంపలోని కెటలేజ్ అనే ఎంజైములో ఒక ఇనుప సంక్లిష్టం ఆ పని చేస్తుంది. ఉడికించిన ముక్క దగ్గర ఏమీ జరగదు. ఇనుము అక్కడే ఉంది కదా, మరి ఎందుకు ఆగింది అని పిల్లలను అడిగి, వాళ్లు రాసిన జవాబులు మాకు పంపండి.