కలోనియల్ డేమ్స్ మన కులసంఘం లాంటిదా? మా వియ్యపురాలి కాగితాలు చూశాక నాకు అర్థమైంది

మీ అమెరికన్ కోడలి తల్లి "కలోనియల్ డేమ్స్" సభ్యురాలని, అది మన కులసంఘం లాంటిదా, పెద్దయ్యాక మీ మనవరాలు చేరవచ్చా అని అడిగారు. అమెరికా బ్రిటిష్ వాళ్ల వలసగా ఉన్న రోజుల్లో అక్కడున్నవాళ్ల వంశంలో పుట్టిన ఆడవాళ్ల సంఘం అది. చేరవచ్చు. తల్లి వైపు వంశం చాలు. మీకూ నాకూ మాత్రం కుదరదు. మా అల్లుడిది వర్జీనియా. వాళ్లమ్మగారు ఇలాంటి సంఘంలోనే ఉన్నారు (ఏదన్నది ఇక్కడ అనవసరం). మా మనవరాలికి పద్దెనిమిది నిండాక దరఖాస్తు కాగితాలు సర్దింది ఆవిడా నేనూ కలిసే.

ఈ పేరుతో ఒకటి కాదు, కొన్ని సంఘాలున్నాయి. 1890లో న్యూయార్క్‌లో ఒకటి, 1891లో ఫిలడెల్ఫియాలో ఇంకోటి పుట్టాయి. ఈ రెండోదాని ఆఫీసు వాషింగ్టన్‌లోని డంబార్టన్ హౌస్. అందులో చేరాలంటే పూర్వీకుడు 1750కి ముందే ఆ బ్రిటిష్ వలసల్లో ఒకదానికి వచ్చి ఉండాలి, అమెరికా స్వాతంత్ర్యానికి (1776) ముందు పదవిలోనో సైన్యంలోనో పనిచేసి ఉండాలి. పైగా సభ్యులే పిలవాలి, మనంతట మనం వెళ్లి చేరలేం. 1915 నాటి మరో సంఘానికైతే 1701కి ముందున్న పూర్వీకుడే కావాలి. పాత ఇళ్లు, పాత కట్టడాలు కాపాడటం వీళ్ల ముఖ్యమైన పని. వర్జీనియాలో ఇంగ్లీషువాళ్ల పాత వలస జేమ్స్‌టౌన్‌లో 1907 నాటి స్మారక చర్చి ఆ ఫిలడెల్ఫియా వాళ్ల సంఘం కట్టించిందే. మావాళ్లు నన్ను తీసుకెళ్లి చూపించారు.

కులసంఘంలో "మనవాళ్లే" అంటే సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. నేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో చేసి రిటైరయ్యాను కాబట్టి నాకు వెంటనే తట్టింది: ఇది లింకు డాక్యుమెంట్ల వ్యవహారం. ఎవరి కూతురు ఎవరు అన్నది ప్రతి తరానికీ కాగితంతో చూపించాలి. ఒక్క లింకు తెగితే అంతే.

మాదీ అలాగే తెగింది. దరఖాస్తు ఒకసారి వెనక్కి వచ్చింది. 1830 ప్రాంతంలో పెళ్లయిన ఒకావిడ పుట్టింటి పేరు ఎక్కడా లేదు. 1850కి ముందు జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు. ఇంట్లో ఆడవాళ్లు దాదాపు అంతా ఉత్త అంకెలు. వర్జీనియాలో జనన రికార్డులు మొదలైందే 1853లో, అవి కూడా 1896 నుంచి 1912 దాకా లేవు. అమెరికా అంతర్యుద్ధంలో భద్రంగా ఉంటాయని కొన్ని కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వాళ్లు దస్తావేజులు వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ పంపితే, 1865 ఏప్రిల్‌లో అక్కడే తగలబడ్డాయి. మా వియ్యపురాలికి రెండు నెలలు ఒకటే టెన్షన్.

చివరికి పక్క కౌంటీలో ఆ 1830 నాటి ఆవిడ తండ్రి వీలునామా దొరికింది. "నా కూతురు ఫలానా, ఫలానావాడి భార్య" అని ఉంది. అదే మాకు కావలసిన లింకు. కానీ కూతురికి ఏమేం ఇచ్చాడో కింద రాశాడు. ఒక పరుపు, ఒక ఆవు, ఆ తర్వాత ఒక బానిస పిల్ల పేరు. ఇంటిపేరు లేదు, వయసు లేదు. మా వియ్యపురాలు ఆ పేజీని చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. నేనేమీ అనలేదు. మనవరాలు మాత్రం ఆ పేరు తన ఫోన్‌లో రాసుకుంది. ఆ పిల్ల వారసులెవరైనా వెతుక్కుంటూ వస్తే వాళ్లకూ ఈ ఒక్క కాగితమే ఆధారం కావచ్చు అంది.

తర్వాత నా వైపు తిరిగి, "అమ్మమ్మా, నీ వైపు ఎన్ని తరాలు చెప్పగలవు?" అంది. తద్దినంలో చెప్పే మూడు తరాలు ఠక్కున చెప్పేశాను. వాళ్లలో ఆడవాళ్లది ఏ ఊరు, పుట్టింటి ఇంటిపేరేమిటి అని అడిగేసరికి మా అమ్మమ్మ దగ్గరే ఆగిపోయాను.

రెండోసారి దరఖాస్తు ఆమోదమైంది. మీ విషయానికొస్తే, ముందు మీ కోడలి తల్లిగారి దగ్గర ఏ తరం దాకా కాగితాలున్నాయో అడగండి. ఆవిడ ఇప్పటికే సభ్యురాలు కదా, పాత తరాల పని చాలావరకు అయిపోయి ఉంటుంది. అక్కడి నుంచి మీ మనవరాలి దాకా జనన, వివాహ సర్టిఫికెట్లు సర్దుకుంటే చాలు. మీ అబ్బాయి పెళ్లి సర్టిఫికెట్‌లో పేర్ల స్పెల్లింగు ఒకసారి చూసుకోండి, మాకు అక్కడ కూడా ఒక వారం పోయింది.